కూర్చుని అడగండి

రెండో పెన్సిలు చెక్కడం పూర్తిచేసి, మూడోది చేతిలోకి తీసుకున్నాడాయన. బ్లేడుతో చెక్కడమే ఆయనకిష్టం. పొట్టు కౌంటరు బల్ల మీద పరిచిన పాత కాగితంలోనే పడాలి, నేల మీద ఒక్క పలుకు కూడా పడకూడదు. మొన మరీ సూదిగా ఉంటే కాగితానికి గుచ్చుకుంటుంది. మొద్దుగా ఉంటే చుక్క లావైపోతుంది. మూడింటినీ వరసగా పేర్చి, వాటి తలాపున రబ్బరు ముక్క పెట్టేసరికి గోడ గడియారంలో పది కావడానికి ఇంకా ఐదు నిమిషాలుంది. అద్దానికి అవతల అప్పటికే తొమ్మిదిమంది చేరారు.

ఊళ్లో చిన్న చిన్న సంఘాలకీ, తోచిన సేవ చేసుకునే బృందాలకీ ఏడాదికోసారి ఇచ్చే సహాయనిధికి దరఖాస్తులు తీసుకునే చోటు అది. జనం గ్రాంట్ల కౌంటరంటారు. ఈ ఏడాదికి ఆవేళే ఆఖరు రోజు. సాయంత్రం ఐదింటికి రిజిస్టరు మూస్తే మళ్లీ పన్నెండు నెలలదాకా తెరవరు. ఆ రిజిస్టరు వెనక ఆయన ఇరవై తొమ్మిదేళ్లుగా కూర్చుంటున్నాడు. జూనియర్ గుమస్తాగా చేరి, సీనియర్ గుమస్తా అయ్యి, అక్కడే ఆగిపోయాడు. పైకి వెళ్లాలంటే తనంతట తాను అర్జీ పెట్టుకోవాలి. ఆయన పెట్టుకోలేదు.

సన్నగా, పొడుగ్గా ఉంటాడు. చిన్నకిటికీలోంచి మాట్లాడీ మాట్లాడీ మెడ కాస్త ముందుకి వంగిపోయింది. ఎడమచేతి వాటం. రాసేటప్పుడు చెయ్యి రాత మీదుగా జారడంతో సాయంత్రానికి ఎడమ అరచేతి అంచు బూడిద రంగుకొస్తుంది. దాన్ని సబ్బుతో రుద్దుకుని గానీ ఆఫీసు మెట్లు దిగడు. అసలు పేరు తెలిసినవాళ్లు తక్కువే. పెన్సిల్ గారంటే మాత్రం ఏ సంఘంవాళ్లైనా, "ఓ, ఆయనా!" అంటారు, నవ్వుతూ.

ఆ పేరు ఊరికే రాలేదు. దరఖాస్తు మీద ఆఫీసువాళ్లు కలం పెట్టకూడదని నిబంధన. ఆయన కలం పెట్టడు. నింపడం మరిచిన గడి పక్కన పెన్సిలుతో చిన్న చుక్క పెడతాడు. సరిగ్గా రాయని గడి పక్కన రెండు చుక్కలు. దరఖాస్తుదారు అన్నీ సరిచేసుకున్నాక, రబ్బరుతో చుక్కలు చెరిపి, పొట్టు ఊది, అప్పుడు ముద్ర వేస్తాడు. ఖాళీ గడితో ఆయన చెయ్యి దాటిన కాగితం ఇంతవరకూ లేదు.

ఇంకో అలవాటు కూడా ఉంది. ఆ కిటికీ ముందు జనం నిలబడి మాట్లాడాల్సిందే అన్నట్టుండేది మొదట్లో. ఆయన చేరిన రెండో నెలలో పాత సామాన్ల గదిలోంచి రెండు కుర్చీలు మోసుకొచ్చి అద్దానికి అవతల వేశాడు. ఎవరొచ్చినా ఆయన మొదటి మాట ఒకటే.

"కూర్చోండి. కూర్చుని అడగండి."

ఆవేళ ముందుగా కూర్చున్నది పొద్దుటి నడక సంఘం పెద్దాయన, రిటైరైన లెక్కల మాస్టారు. పార్కులో వేసుకోవడానికి నాలుగు సిమెంటు బల్లలు కావాలని రాసుకొచ్చాడు. ఎందుకన్న గడిలో 'ప్రజారోగ్య పరిరక్షణార్థం' అని ఉంది. పెన్సిల్ గారు దాని పక్కన రెండు చుక్కలు పెట్టాడు.

"నడక సంఘానికి కూర్చునే బల్లలెందుకండీ మాస్టారూ?"

"నడిచేది గంటే కదండీ. మాట్లాడుకునేది రెండు గంటలు."

"ఎవరెవరు మాట్లాడుకుంటారు?"

"ఎవరుంటారు, నాలాంటివాళ్లే. ఇంటి దగ్గర మాట్లాడేవాళ్లు లేనివాళ్లు." అని మాస్టారు కలం మూత తీశాడు. "అదే రాయమంటారేమిటి కొంపదీసి?"

"అదే రాయండి."

తరవాత వచ్చిన అమ్మాయి మంచం పట్టినవాళ్ల ఇళ్లకి వెళ్లి పేపరు చదివి వినిపించే బృందం తరఫున వచ్చింది. ఆ గడి నిండా పెద్ద పెద్ద మాటలు కూరింది, ఎక్కడా ఊపిరాడకుండా.

"అమ్మా, ఇదంతా పక్కన పెట్టు. నిన్న ఏం చేశావు?"

"నిన్నా? ఒక తాతగారికి ఆటల పేజీ చదివానండి. నాకా ఆట రాదు. ప్రతి ముక్కా తప్పే చదివాను. ఆయన నన్ను తిడుతూనే మొత్తం ఆటంతా నేర్పించేశారు. గంటన్నర మాట్లాడారు. వాళ్లబ్బాయి గుమ్మంలో నుంచుని చూస్తున్నాడు, నాన్న ఇంతసేపు మాట్లాడి ఏడాదయిందట."

ఆయన పెన్సిలు మొనతో గడిని చూపించాడు. ఆ అమ్మాయి కాగితం తిప్పి రాయడం మొదలుపెట్టింది.

నిన్న ఏం చేశారు? ఇరవై తొమ్మిదేళ్లలో ఆయన కనిపెట్టిన కిటుకల్లా అదే. మీ ఆశయమేమిటని అడిగితే మనుషులు బిగుసుకుపోతారు. నిన్న ఏం చేశారంటే చెప్పేస్తారు.

పదకొండింటికి అధికారి బయటికొచ్చింది. ఆ విభాగానికి కొత్తగా వచ్చిన ఆవిడ, వయసులో ఆయనకంటే ఇరవై ఏళ్లు చిన్న. చురుకైన మనిషి. చేతిలో ముందు రోజు దరఖాస్తొకటి ఉంది. దాని మీద చెరపడం మరిచిపోయిన చుక్కొకటి మిగిలిపోయింది.

"ఈ గుర్తులేమిటండీ? మన పని తీసుకోవడం. నింపించడం కాదు కదా."

"నింపించడం లేదు మేడం. ఎక్కడ నింపలేదో చూపిస్తున్నాను."

"రెంటికీ తేడా ఏమిటి?"

ఆయన ఆలోచించాడు. "పెద్దగా లేదు మేడం," అన్నాడు.

ఆవిడకి నవ్వొచ్చింది గానీ ఆపుకుని, ఆ చుక్కని ఆయన రబ్బరుతోనే చెరిపి తీసుకెళ్లిపోయింది.

ఒంటిగంటకి జనం పలచబడ్డాక టిఫిన్ బాక్సు తీసుకుని వెనక వరండాలోకి వెళ్లాడు. నాలుగు మెట్లెక్కేసరికి ఆయాసం వచ్చింది. రెయిలింగు పట్టుకుని నిలబడ్డాడు. అది తగ్గేదాకా నిలబడటం మూడు నెలలుగా అలవాటైంది. చొక్కా జేబులో మడతపెట్టిన కాగితం ఉంది. ఆయన చొక్కాలకి జేబు కుడివైపు కుట్టించుకుంటాడు, ఎడమచేతికి అందేలా. ఆ కాగితం ఆసుపత్రిది. మర్నాడు పొద్దున ఎనిమిదింటికి చేరాలి. గుండెలో ఒక వాల్వు మార్చాలన్నారు. పేరు, వయసు, చిరునామా, పాత జబ్బులు, అన్నీ గుండ్రటి అక్షరాలతో నింపేశాడు. 'రోగి తరఫు వ్యక్తి' అన్న గడి ఒక్కటే ఖాళీ.

"ఎవరో ఒకరు సంతకం పెట్టాలి సార్. అది లేకపోతే చేర్చుకోరు," అని ఆసుపత్రి కౌంటరులో అమ్మాయి రెండుసార్లు చెప్పింది. ఆయన తలూపి వచ్చేశాడు. తనుండే భవనం వాచ్‌మన్‌ని అడిగి చూద్దామా అని వారం రోజులుగా అనుకుంటున్నాడు. పొద్దున అతను గేటు తీస్తూ నమస్కారం పెడితే నమస్కారం పెట్టి వచ్చేశాడు.

ఆయనకి చెల్లెలుంది. అదే ఊళ్లో, బస్సులో నలభై నిమిషాల దూరం. తండ్రి పోయినప్పుడు దానికి నాలుగేళ్లు, ఆయనకి పదమూడు. జడలు వెయ్యడం నేర్చుకున్నాడు. బడికి దింపాడు. కాలేజీ చదివించాడు, మంచి చోట పెళ్లి చేశాడు. ఆదివారం ఆదివారం పదింటికి ఫోన్ చేసి, ఎలా ఉన్నావంటే ఎలా ఉన్నావనుకుని, వాతావరణం గురించి కాసేపు మాట్లాడి పెట్టేస్తాడు. ఆపరేషన్ సంగతి పన్నెండు ఆదివారాలు గొంతుదాకా వచ్చి, వాన గురించిన మాటగా మారిపోయింది.

తల్లి బట్టల దుకాణంలో చీరలు మడతపెట్టే పని చేసేది. ఆయన తొమ్మిదో తరగతిలో ఉండగా ఎవరో దాతలు బడిలో సభపెట్టి పదిమంది పిల్లలకి పుస్తకాల సంచులిచ్చారు. ఒక్కొక్కణ్ణే స్టేజీ మీదికి పిలిచారు. "ఈ బాబుకి తండ్రి లేడు," అని మైకులో చెప్పారు. ఫోటో తీసేదాకా సంచీని గుండెల దగ్గర పట్టుకుని అలాగే నిలబడమన్నారు. ఫోటో తీసేవాడి కెమెరాకేదో అయ్యింది. చాలాసేపు నిలబడ్డాడు. సంగతి విని తల్లి మర్నాడు ఆ సంచీ తీసుకెళ్లి దాతగారి గేటుకి తగిలించి వచ్చింది. "చచ్చినా ఒకళ్ల ముందు చెయ్యి చాచకు నాయనా," అంది. అంతకుమించి ఏమీ అనలేదు. ఆయన ఆ మాటని ఎంత గట్టిగా పట్టుకున్నాడంటే, ముప్పై ఏళ్ల వయసులో అకౌంట్స్ విభాగంలో ఒకావిడ రెండేళ్లపాటు రోజూ ఏదో ఒక కాగితం మిషతో ఆయన బల్ల దగ్గరికి వస్తూ ఉంటే, ఆవిణ్ణి కూడా అడగలేదు. ఆవిడ పెళ్లి శుభలేఖ ఇచ్చినప్పుడు అచ్చుతప్పులున్నాయేమోనని చూసి, బాగుందన్నాడు.

నాలుగు కావస్తుండగా మెకానిక్ వచ్చాడు.

నలభై ఐదేళ్లుంటాయి. చేతులు కడుక్కునే వచ్చాడు గానీ గోళ్ల అంచుల్లో గ్రీజు పోలేదు. దరఖాస్తుకి మరకంటకుండా పాలిథీన్ సంచీలో పెట్టి తెచ్చాడు. కుర్చీ చూసి కూడా నిలబడే ఉన్నాడు.

"కూర్చోండి. కూర్చుని అడగండి."

కుర్చీ అంచున కూర్చున్నాడు. దరఖాస్తులో సంఘం పేరు లేదు. ఎందుకన్న గడిలో ఒక్కటే మాట ఉంది: 'కుర్చీలు'.

"ఏం పని చేస్తుంటారు?"

"సైకిళ్లు బాగుచేస్తానండి."

"అది మీ బతుకుతెరువు. సంఘం ఏం చేస్తుంది?"

"చక్రాల కుర్చీలండి. నడవలేనివాళ్లవి. పాడైపోతే బాగుచేస్తాం. ఊరికేనేనండి."

"నిన్న ఏం చేశారు?"

మెకానిక్ తలెత్తాడు. "నిన్న ఒక పాప కుర్చీ వచ్చిందండి. ముందు చక్రం ఊడిపోయింది. ఆ కంపెనీ ఇప్పుడు లేదు, సామాను దొరకదు. సామాన్లు తోసుకెళ్లే పాత ట్రాలీ చక్రం తీసి, ఇరుసు అరగదీసి బిగించాను. కాస్త కిర్రుమంటుంది. ఆ పాప, కిర్రుమంటే మంచిదే అంకుల్, నేనొస్తున్నట్టు మా క్లాసువాళ్లకి ముందే తెలుస్తుంది అంది." చెబుతూ చెబుతూ కుర్చీలో వెనక్కి జారి సరిగ్గా కూర్చున్నాడు.

పెన్సిల్ గారు ఎప్పట్నించి చేస్తున్నారని అడిగాడు. ఎనిమిదేళ్లన్నాడు. వారానికి మూడో నాలుగో వస్తాయన్నాడు. దుకాణం ముందు రోడ్డు మీద ఎండలో పెట్టుకుని చేస్తాడు. వానొస్తే పని ఆగిపోతుంది. ఒక రేకుల షెడ్డు, ఒక వెల్డింగ్ మిషను ఉంటే చాలు.

"ఎనిమిదేళ్లా? మరి ఇన్నాళ్లూ రాలేదేం?"

"మొహం చెల్లలేదండి. మనకి తోచింది మనం చేసుకుంటున్నాం. దానికి పోయి ఒకళ్ల ముందు చెయ్యి చాచడమేంటని."

పెన్సిలు మొన కాగితం మీద ఆగింది. 

"ఇప్పుడెందుకొచ్చారు మరి?"

"పెద్దాసుపత్రిలో పాత కుర్చీలు ఇరవైరెండున్నాయండి. పాత ఇనుము కింద అమ్మేస్తారట. పెట్టుకోడానికి చోటు చూపిస్తే నాకే ఇచ్చేస్తామన్నారు స్టోర్సువాళ్లు. నాలుగు నెలలు ఆగుతామన్నారు. ఇరవైరెండండి! చేసి ఇస్తే ఇరవైరెండుమంది బయటికొస్తారు."

"ఈ ముక్కలన్నీ ఆ గడిలో రాయండి. ఇలాగే రాయండి."

మెకానిక్ రాస్తుండగా ఆయన మిగతా గడులు చూసుకుంటూ వచ్చాడు. సభ్యుల వివరాల దగ్గర చెయ్యి ఆగింది. ముగ్గురుండాలి, కనీసం రెండు ఇళ్లవాళ్లయి ఉండాలి. మెకానిక్, అతని భార్య. అంతే. మూడో వరస ఖాళీ.

"మా అత్తగారి పేరు రాసేయనాండి?"

"మీ ఇంట్లోనే ఉంటారా?"

"ఆ."

"అయితే కుదరదు."

మెకానిక్ కలం మూత పెట్టేశాడు. కాగితం సంచీలోకి తోస్తూ, "పోన్లెండి. రాసిపెట్టి లేదు. వచ్చే ఏడాది చూస్తాను," అన్నాడు. అంత తొందరగా లేవడానికి సిద్ధపడ్డ మనిషిని చూస్తే పెన్సిల్ గారికి కోపమొచ్చింది. ఆ కుర్చీ దగ్గర ఆయనకెప్పుడూ రాని కోపం.

"కూర్చోండి ముందు. కుర్చీలకి సీట్లుంటాయి కదా, అవి చిరిగిపోతే ఎవరు కుడతారు?"

"సీట్లా? మా సందు చివర ఓ అక్క ఉందండి. పరుపులూ దిండ్లూ కుడుతుంది. క్యాన్వాసు గుడ్డ తెచ్చిస్తే కుట్టిపెడుతుంది."

"ఏం తీసుకుంటుంది?"

"ఏమీ తీసుకోదండి. దారం కూడా ఆవిడదే."

"ఎన్నాళ్లుగా?"

"ఆరేళ్లుగా."

"మరి ఆవిడ మీ సంఘం కాదా?"

మెకానిక్ కాగితం సంచీ ఒళ్లో పెట్టుకున్నాడు. "ఆవిడేదో మంచితనం కొద్దీ కుడుతుందండి. సంతకాలూ అవీ అంటే ఏమనుకుంటుందో. ఎప్పుడూ అడగలేదు."

"అడగండి."

"ఇప్పుడాండి?"

"ఇప్పుడే. ఫోనుందిగా."

మెకానిక్ లేచి గోడ దగ్గరికి వెళ్లి, వీపు ఇటు తిప్పి మాట్లాడాడు. నాలుగు మాటలు కూడా కాలేదు. వెనక్కొచ్చి, "వస్తున్నాను అని పెట్టేసిందండి. కోపమొచ్చిందో ఏమో తెలీదు," అన్నాడు. అప్పటికి నాలుగూ ఇరవై ఐదు. బస్సు దొరికితే అరగంట.

తరవాత వచ్చిన మరో ఇద్దరి కాగితాలు చూశాడు, ముద్రలు వేశాడు. ఐదుకి పది నిమిషాలుందనగా హాలు ఖాళీ అయింది. మెకానిక్ గుమ్మంవైపు చూస్తూ కూర్చున్నాడు. ఐదు కొట్టింది. అటెండరు షట్టరు తాళాలు ఆడించుకుంటూ వచ్చాడు. లోపల్నించి అధికారి కూడా వచ్చింది, రిజిస్టరు మీద సంతకం పెట్టి మూసెయ్యడానికి.

"ఈయన?"

"ఒక సభ్యురాలి సంతకం కోసం చూస్తున్నాం మేడం. దారిలో ఉన్నారు." ఆయన ఉన్నమాటే చెప్పాడు. ఇంకేమీ కలపలేదు, బతిమాలలేదు. కానీ రిజిస్టరు మీంచి ఎడమచెయ్యి తియ్యలేదు.

అధికారి ఆ చేతిని చూసింది. అరచేతి అంచున బూడిదరంగు మరక చూసింది. తరవాత బల్ల మీద దరఖాస్తు తీసుకుని ఆ గడిలో రాసింది నిలబడే చదివింది. కిర్రుమనే చక్రం దగ్గర కొంచెంసేపు ఆగింది.

"ఈయన ఎప్పట్నించి ఇక్కడున్నారు?"

"నాలుగింటి నుంచీ మేడం."

"ఐదుకి ముందు వరసలో ఉన్నవాళ్లవి తీసుకోవాలని నిబంధనే ఉంది. ఆయన పనయ్యాకే మనకి ఐదు." అటెండరువైపు తిరిగి, "కాసేపు ఆగు బాబాయ్," అంది.

ఐదూ ఎనిమిదికి దర్జీ ఆవిడ వచ్చింది. యాభై దాటిన భారీ మనిషి. మెళ్లో కొలత టేపు తియ్యడం కూడా మరిచిపోయి వచ్చింది. మెట్లెక్కి రొప్పుతోంది. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. తిన్నగా మెకానిక్ ముందు నిలబడింది.

"ఆరేళ్లు! ఆరేళ్ల నుంచి కుడుతున్నాను. క్యాన్వాసు గుమ్మంలో పెట్టి వెళ్లిపోతావు. కుట్టాక తీసుకుపోతావు. నీకూ మీ ఆవిడకీ ఓ సంఘం ఉందని నాకివాళ ఫోన్లో తెలిసింది."

"నీకు శ్రమివ్వడమెందుకని అక్కా..."

"ఏం శ్రమ? నువ్వడక్కపోవడం మర్యాదనుకుంటున్నావు. నాకెలా ఉండేదో తెలుసా? ఈవిడ మనకెందుకులే అని మీరనుకుంటున్నారనుకున్నాను. నేను కుట్టిన సీటులో ఎవరు కూర్చున్నారో కూడా ఒక్కసారి చూపించలేదు నువ్వు. ఓ మాట అడిగితే నీ సొమ్మేం పోయేది?"

మెకానిక్ తల వంచుకున్నాడు. "తప్పయిపోయిందక్కా. ఉంటావా మాతో?"

"అడిగావు కదా, ఉంటాను," అని కలం లాక్కుని, పెన్సిల్ చుక్క ఉన్నచోట తన పేరు మొత్తం, ఇంటిపేరుతో సహా, పెద్ద అక్షరాలతో రాసింది. సంఘం పేరేమిటని అడిగితే మెకానిక్ ఆవిడవైపు చూశాడు. "మూడో సందు కుర్చీల సంఘం అని రాయి, ఇంకేముంది," అంది ఆవిడే.

ఆయన చుక్కలు చెరిపాడు. పొట్టు ఊదాడు. ముద్ర వేసి, వరస నంబరు రాసి, రసీదు చింపి ఇచ్చాడు. అధికారి రిజిస్టరు మూసింది. వాళ్లిద్దరూ మెట్లు దిగుతుంటే దర్జీ ఆవిడ ఇంకా తిడుతూనే ఉంది, మెకానిక్ నవ్వుతూనే ఉన్నాడు.

"రేపట్నించి సెలవు పెట్టారు కదా. ఊరెళ్తున్నారా?" అని అడిగింది అధికారి.

"లేదు మేడం. సొంత పని."

ఆవిడ వెళ్లాక ఆయన సబ్బు తీసుకుని చెయ్యి కడుక్కోబోయి, పంపు తిప్పకుండా నిలబడ్డాడు. ఈవిడ మనకెందుకులే అనుకున్నారనుకున్నాను. ఆ మాట చెవిలోంచి పోలేదు. చెల్లెలు పెళ్లయిన కొత్తలో ఒకసారి ఆయన ఇంటికొచ్చి, గిన్నెలన్నీ తోమి బోర్లించి ఉండటం చూసి, "నేను చెయ్యడానికి ఏం మిగల్చవు కదన్నయ్యా," అని ఊరికే కళ్లనీళ్లు పెట్టుకుంది. అదేదో ఆడపిల్లల అలక అనుకున్నాడప్పుడు.

ఫోన్ తీసి చేశాడు.

"అన్నయ్యా? ఏంటిది, ఇవాళ ఆదివారం కాదే?"

"కాదు. చిట్టీ, రేపు పొద్దున నీకు ఖాళీ ఉంటుందా?"

అవతల కుళాయి కట్టేసిన చప్పుడైంది. "ఏమైంది?"

"ఎనిమిదింటికి ఆసుపత్రిలో చేరాలి. గుండెకి చిన్న ఆపరేషను. ఎవరైనా ఒకళ్లు సంతకం పెట్టాలిట. నువ్వొస్తావా?"

"గుండెకి చిన్న ఆపరేషనేంటి? గుండెకి ఎక్కడైనా చిన్న ఆపరేషనుంటుందా? ఎప్పుడు చెప్పారు?"

"మూడు నెలలవుతోంది."

అవతల గొంతులోది ఏడుపో కోపమో ఆయనకి అర్థం కాలేదు. "నాకు జడలేశావు. నా ఫీజులు కట్టావు. ఒక్కనాడైనా ఓ గ్లాసు మంచినీళ్లడిగావా నన్ను? తెచ్చిస్తే తాగేవాడివి గానీ ఏనాడైనా అడిగావా?"

"ఇప్పుడు అడుగుతున్నాను కదమ్మా."

"ఎక్కడున్నావు? ఆఫీసులోనేనా? అక్కడే కూర్చో. కదిలావో చూడు. వస్తున్నాను."

కూర్చోమంది కాబట్టి ఆయన కౌంటరు చుట్టూ తిరిగి వచ్చి, అద్దానికి అవతల ఉన్న కుర్చీలో కూర్చున్నాడు. అక్కడ కూర్చోవడం ఆయనకదే మొదటిసారి. అక్కణ్నించి చూస్తే కిటికీ ఎంత చిన్నదో తెలిసింది. అటెండరు తాళాలు పక్కన పెట్టి, ఏమీ అడగకుండా, రెండో కుర్చీలో కూర్చున్నాడు.

చెల్లెలు వచ్చేసరికి ఇంకా వెలుతురుంది. ముందు తిట్టింది. తరవాత ఆయన చెయ్యి పట్టుకుని కూర్చుంది. ఆ తరవాత కాగితం లాక్కుని ఒళ్లో బ్యాగు మీద పెట్టుకుని గడి నింపింది. 'రోగితో బంధుత్వం' అన్నచోట కలం ఆపి, వేలితో కళ్లు తుడుచుకుని, రాసింది.

"వెనక పేజీలో ఫోన్ నంబరు గడి ఇంకోటుంది," అన్నాడాయన.

"నాకు కనపడుతోంది!" అని కసిరింది. అటెండరు నవ్వాడు. ముగ్గురూ నవ్వారు.

ఆపరేషన్ బాగానే జరిగింది. మూడో రోజుకి గొట్టాలు తీసేశారు. చెల్లెలు మంచం పక్కన స్టూలు వేసుకుని కూర్చుని, ఎవర్నీ దగ్గరికి రానివ్వకుండా అన్నీ తనే చేసింది. ఆయన చేయించుకున్నాడు. దిండు సర్దమని అడిగాడు. కిటికీ తెరవమని అడిగాడు. ఒకసారి దాహం లేకపోయినా మంచినీళ్లడిగాడు. అధికారి ఒక సాయంత్రం పళ్లు తీసుకుని వచ్చి కాసేపు కూర్చుని, లేస్తూ, "ఆ కుర్చీలవాళ్ల దరఖాస్తు మళ్లీ చదివాను," అంది. ఆయన ఫలితమేమిటని అడగలేదు. అది అడగకూడనిది.

ఆరో రోజు డాక్టరు, రేపు ఇంటికెళ్లొచ్చన్నాడు. మధ్యాహ్నం ఎండ పక్క మీద పడుతుండగా ఆయన మంచం కిందికి వంగి చూడబోతే చెల్లెలు వారించింది.

"ఏం కావాలి?"

"నా చెప్పులు. చేరినరోజు గేటు దగ్గర కుడికాలిది బొటనవేలి పట్టీ ఊడింది. రేపెలా నడవను? కుట్టించుకొస్తావా చిట్టీ?"

చెల్లెలు వాటిని పేపర్లో చుట్టుకుని చిన్నపిల్లలా మెట్లు దిగింది. గేటు బయట గొడుగు కింద ఒక ముసలాయన కుడుతున్నాడు. కుడిదానితో పాటు ఎడమది కూడా గట్టిగా కుట్టమంది. మైనం రాసిన తెల్లదారం రెండు పేటలు వెయ్యమంది. కుట్టాక లాగి చూసింది. అంతా కలిపి పావుగంట కాలేదు.

పైకొచ్చేసరికి నర్సు మంచం పక్కన నిలబడి తెర సగం లాగుతోంది. ఆయన కిటికీవైపు ఒత్తిగిలి ఉన్నాడు. కళ్లజోడు తీసి ఎడమచేతిలో పట్టుకున్నాడు, కాసేపు కునుకు తీద్దామనుకున్న మనిషిలా. నర్సు చెల్లెలి భుజం మీద చెయ్యి వేసింది.

రెండు నెలలకి మంజూరైనవాళ్ల పేర్లు గోడకి అంటించారు. నడక సంఘానికి నాలుగు బల్లలడిగితే రెండొచ్చాయి. మూడో సందు కుర్చీల సంఘానికి షెడ్డూ వచ్చింది, మిషనూ వచ్చింది. ఆ మాట చెబుదామని వచ్చిన మెకానిక్‌కీ, దర్జీ ఆవిడకీ కౌంటరులో కొత్త గుమస్తా కనిపించాడు. అధికారి వాళ్లని లోపలికి పిలిచి కూర్చోబెట్టి ఆయన సంగతి చెప్పింది. చెల్లెలి ఇంటి చిరునామా కాగితం మీద రాసిచ్చింది.

షెడ్డు వేసుకున్న కొన్ని నెలలకి వాళ్లు వెళ్లిన రోజు చెల్లెలు తలుపు తీసి, ఎవరో తెలిశాక, లోపలికి రమ్మంది. ఇరవైరెండింటిలో పదిహేడు కుర్చీలు నడుస్తున్నాయని మెకానిక్ చెప్పాడు. మిగతా ఐదూ వచ్చే నెలకవుతాయన్నాడు. ఆవిడ శ్రద్ధగా విని, ఎవరెవరికి ఇచ్చారో ఒక్కొక్కళ్ల గురించీ అడిగింది. అన్నయ్య ఉంటే అదే అడిగేవాడంది.

వెళ్లేటప్పుడు గుమ్మం పక్కన చెప్పుల అర దగ్గర దర్జీ ఆవిడ ఆగిపోయింది. పై అరలో మగవాళ్ల తోలు చెప్పుల జత విడిగా ఉంది. మడమల దగ్గర అరిగి, పాదాల ఆకారానికి పల్లమైపోయిన పాత చెప్పులు. అలవాటుకొద్దీ వంగి కుట్టు చూసింది.

"ఎవరు కుట్టారో గానీ గట్టి కుట్టు. చాలాకాలమొస్తుంది," అంది, అనేశాక నాలిక్కరుచుకుంది.

"అవునండీ," అంది చెల్లెలు. "తనే అడిగి కుట్టించుకున్నాడు."

అరిగి నల్లబడిన ఆ తోలు మీద, పట్టీ పక్కన, రెండు పేటల దారం ఇంకా తెల్లగానే ఉంది.